కరెంటు పోయొచ్చాక డిస్కు తనిఖీ

జహీరాబాద్‌లో ముంబయి హైవే పక్కన నాదో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. గాలివాన పడిన మర్నాడు గిరాకీ ఎక్కువ. నడుస్తుండగా కరెంటు పోయిన లినక్స్ సిస్టములు వస్తాయి. తెర మీద ‘ఎఫ్‌ఎస్‌సీకే’, అంటే డిస్కు తనిఖీ, అన్న మాట చూసి, "డేటా పోయినట్టేనా అన్నా?" అంటారు. చాలాసార్లు పోదు.

లినక్స్ లేచేటప్పుడు మూల విభాగాన్ని, అంటే రూట్‌ని, మామూలుగా ముందు చదవడానికే తెరుస్తుంది. తనిఖీ అయ్యాకే రాయనిస్తుంది. రాతలు సాగుతున్న డిస్కును సరిచేయబోతే ఉన్నదీ చెడుతుంది మరి! తనిఖీ వరుస ‘ఎఫ్‌స్టాబ్’ ఫైలులో ఉంటుంది: రూట్‌కి 1, మిగతావాటికి 2, అక్కర్లేనివాటికి 0.

1993 నాటి ఈఎక్స్‌టీ2 ఫైల్‌సిస్టం అయితే తనిఖీకి డిస్కంతా గాలించాల్సిందే. 2001లో కెర్నెల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 జర్నల్‌ను తెచ్చింది. అల్లం వ్యాపారి దగ్గర గుమాస్తా ముందు చిట్టాలో రాసి తర్వాత ఖాతాకెక్కించినట్టు, చేయబోయే మార్పు ముందు అందులో పడుతుంది. కరెంటు వచ్చాక ఆ కాస్త తిరగేస్తే చాలు, సాధారణంగా సెకన్లలో పని.

‘ఎమర్జెన్సీ మోడ్’ అని ఆగిందా? వెంటనే కొత్త డిస్కు కొనకండి. ఎప్పుడో పీకేసిన రెండో డిస్కు పేరు ఎఫ్‌స్టాబ్‌లో మిగిలిందేమో చూడండి. ఆ వరుసలో ‘నోఫెయిల్’ చేరిస్తే అది లేకున్నా సిస్టం లేస్తుంది.