బోరులో ఉప్పునీళ్లు పడితే ఇక్కడ సముద్రం ఉండేదనా?

"వెయ్యి అడుగులు దించితే ఉప్పునీళ్లు పడ్డాయి. ఒకప్పుడు ఇదంతా సముద్రమేమో సామీ!" మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు బోర్ల దగ్గర ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అప్పు చేసి బోరు వేసినవాడికి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. కానీ, పైనున్నది సముద్రపు ఉప్పే కదా, ఇంకా కిందికి పోతే మంచినీళ్లు పడతాయని మరో రెండొందల అడుగులు వేయించేవాళ్లు ఉన్నారు. నష్టం అక్కడ మొదలవుతుంది. అందుకని ఈ వారం సముద్రం సంగతి చెప్పుకుందాం.

మీ ఊరి చెరువును గమనించండి. నీళ్లు కొన్నాళ్లు ఒకే మట్టంలో నిలిస్తే, గాలికి లేచే అలలు కట్ట లోపలి మట్టిని కోసి సన్నని అరుగులా చేస్తాయి. తూము తీస్తే మట్టం తగ్గుతుంది, అక్కడ ఇంకో అరుగు పడుతుంది. ఎండాకాలానికి కట్ట లోపలి వైపు మెట్లు మెట్లుగా కనబడుతుంది. సముద్రపు ఒడ్డునా ఇదే పని జరుగుతుంది, కాకపోతే వేల ఏళ్లు పడుతుంది. అలా ఏర్పడినవే తీర సోపానాలు. తేడా ఒక్కటే. చెరువులో నీటి మట్టమే మారుతుంది, కట్ట కదలదు. సముద్రం దగ్గర నీరూ కదులుతుంది, నేలా కదులుతుంది.

ముందు నీటి సంగతి. సుమారు 20 వేల ఏళ్ల కిందట ఉత్తర దేశాల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ఆ మంచంతా సముద్రం నుంచి ఆవిరై పోయిన నీరే. దాంతో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి దిగింది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లు ఉంటారు. సముద్రం వెనక్కి తగ్గి బయటపడిన ఇసుకను గాలి ఎత్తిపోయగా ఏర్పడ్డాయవి. 2014లో జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించారు. తర్వాత మంచు కరిగి సముద్రం మళ్లీ పైకొచ్చింది. తీరం వెంట శ్రీహరికోట ఇసుకమేట అడ్డుపడగా దాని వెనక నిలిచిన నీరే పులికాట్ సరస్సు.

ఇక నేల. 2004 డిసెంబరు 26 భూకంపం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్కరోజే నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల సుమారు 4 మీటర్లు కుంగి, దీపస్తంభం అడుగు నీళ్లలోకి పోయింది. అండమాన్ ఉత్తరాన మాత్రం ఒడ్డు పైకి లేచి పగడపు దిబ్బలు ఎండలో పడ్డాయి. అలా లేచిన ఒడ్డే ముందుముందు ఒక మెట్టు.

ఇప్పుడు సముద్రం మళ్లీ పెరుగుతోంది. 1900 నుంచి 20 సెంటీమీటర్ల దాకా లేచింది. భూమి వేడెక్కి మంచు కరగడం ఒక కారణం. జ్వరం చూసే గొట్టంలో పాదరసం లేచినట్టు, వేడికి సముద్రపు నీరే ఉబ్బడం రెండోది. కోస్తాలో బోర్లు అతిగా తోడినచోట సముద్రపు నీరు లోపలికి చొరబడుతుంది. అక్కడి ఉప్పు సముద్రపు ఉప్పే.

మనది వేరే కథ. మదనపల్లె సముద్రానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా రెండు వేల అడుగుల పైమాటే. లోకంలోని మంచంతా కరిగినా సముద్రం 70 మీటర్లకు మించి లేవదు. మీ ఇంట్లో పరిచిన కడప బండలు మాత్రం కోట్ల ఏళ్ల నాటి సముద్రంలో పేరుకున్న సున్నపురాయి, అది నిజమే. మన పడమటి మండలాల కింద ఉన్నది అంతకన్నా పాత నల్లరాయి, పలుగురాయి జాతి. సముద్రపు మెట్లు ఇక్కడ వెతికినా దొరకవు.

మరి ఉప్పెక్కడిది? రాయి నుంచే. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి నిదానంగా రాతిని కరిగిస్తుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి పల్లపు కయ్యల్లో నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. చౌడు పట్టేది అందుకే. లోతు పగుళ్లలోని నీరు రాతిని అంటిపెట్టుకుని మరీ ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి లోతుకు పోయేకొద్దీ నీరు తీయబడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. చాలాచోట్ల జరిగేది తలకిందులుగానే.

బోరు పడగానే టమోటా నారు పోయకండి, ముందు నీటి పరీక్ష చేయించండి. మోటారు పావుగంట ఆడనిచ్చి, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు కడిగి, లీటరు నీళ్లు నింపి, బోరు లోతు రాసి వ్యవసాయ శాఖ పరీక్ష కేంద్రంలో ఇవ్వండి. ఉప్పు శాతం తెలిపే ఈసీ అంకె 0.7 లోపుంటే బీన్స్ కూడా పెట్టొచ్చు. 1.7 దాకా టమోటా, 2 దాకా చెనక్కాయ ఓర్చుకుంటాయి. 3 దాటితే డ్రిప్పు పైపుల మీద తెల్లటి పెచ్చు కడుతుంది, పైరూ నిలవదు. అలాంటి నీటిని వాన నీళ్లతో కలిపి పారించుకోవాలి, లేదంటే ఆ కయ్యలో గడ్డి వేసుకోవడం మేలు. ఆ బోరు నీళ్లే ఇంట్లో తాగేట్టయితే ఫ్లోరైడ్ పరీక్ష కూడా అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లలకు ఆ నీళ్లు పెట్టొద్దు.