గోడలోని నీరు ఎక్కడిది?

ప్రవాసంలో ఉన్న తెలుగువారికి సొంత ఇల్లు అనేక సంవత్సరాల పొదుపునకు ఫలం. అల్ ఖోర్‌లో పనిచేస్తున్న నేను సెలవులో కాకినాడకు వెళ్ళి, పదిహేను రోజులలో మా మొదటి ఇంటి బేరం ముగించుకొని వచ్చాను. అప్పుడు గోడలు కొత్త రంగుతో మెరుస్తున్నాయి. మరుసటి సెలవునాటికి నేల నుండి నడుమెత్తు వరకు రంగు పొక్కులు లేచి, గీరితే తెల్లని పొడి రాలుతున్నది. రసాయనశాస్త్రం చదివి కూడా నేను చేసిన మొదటి పని మళ్ళీ రంగు వేయించడం! ఏడాది తిరగకుండానే అదీ ఊడిపోయింది. ఆ పొరపాటు మరొకరు చేయకూడదని ఈ వ్యాసం.

కప్పు, గొట్టాల కారుడును పక్కన పెడితే, గోడకు నీరు రెండు దారుల వస్తుంది: గాలి నుండి, నేల నుండి. చెమ్మ ఒకలాగే కనిపించినా చికిత్స వేరు.

గాలి నుండి వచ్చే నీరు

దోహాకు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న అల్ ఖోర్‌లో వానలు అరుదు. అయినా వేసవి చివర ఇక్కడి గోడలు చెమరుస్తాయి. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద, 70 శాతం సాపేక్ష ఆర్ద్రత గల ఘనపు మీటరు గాలిలో సుమారు 28 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 24 డిగ్రీలకు చల్లబడితే అది 22 గ్రాములను మాత్రమే నిలుపుకోగలదు. తక్కిన ఆరు గ్రాములు ఏ.సి. వల్ల చల్లబడిన గోడపై నీరవుతాయి. చల్లని మజ్జిగ గ్లాసు బయట తడిసేదీ ఇందువల్లనే. బీరువాల వెనుక నల్లని బూజు పట్టేది ఈ తేమకే. కిటికీ సందులు మూసి, బీరువాను గోడకు దూరంగా జరిపి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

నేల నుండి వచ్చే నీరు

కాకినాడ ఇంటి సంగతి వేరు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లే ఇటుకలోని సూక్ష్మరంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనినే కేశనాళికీయత అంటారు. మిల్లీమీటరులో నూరవవంతు వ్యాసార్ధం గల రంధ్రంలో నీరు సిద్ధాంతరీత్యా ఒకటిన్నర మీటర్లు ఎక్కగలదు. ఆ నీటితోపాటు క్లోరైడ్లు, సల్ఫేట్లు కూడా ఎక్కుతాయి. నీరు ఆవిరై పోతుంది; ఉప్పు మిగిలిపోతుంది. పొడి సోడియం సల్ఫేట్ పది నీటి అణువులను చేర్చుకొని స్ఫటికమైనప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడికి పూత పగులుతుంది. ఖతర్ వాయవ్య తీరాన ఉన్న, 2013లో ప్రపంచ వారసత్వ స్థలమైన అల్ జుబారా పాత నగరపు గోడలను కూడా ఉప్పు, తేమలు తినివేస్తున్నాయి.

ప్లాస్టిక్ రంగు వేస్తే నీరు ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. నీరు మరింత పైకెక్కి, ఉప్పు రంగు వెనుకనే స్ఫటికమవుతుంది. నా డబ్బు వృథా అయింది ఇందువల్లనే.

పరీక్ష, చికిత్స

కొనబోయే ఇంటి గోడపై జానెడు అల్యూమినియం రేకును నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. పైన తడిస్తే నీరు గాలిది. వెనుక తడిస్తే గోడలోనిది. తెల్లని పొడి నీటిలో కరిగితే ఉప్పు అని అనుమానించవచ్చు. గోడ క్రిందిభాగానికి మాత్రమే కొత్త రంగు ఉంటే కారణం అడగండి. పునాదిపై చెమ్మ నిరోధక పొర, అంటే డి.పి.సి., వేశారా అని విచారించండి. వీలైతే వానల తరువాత ఇల్లు చూడండి.

చివరకు మేము చెమ్మ గుర్తుకు అడుగు పైవరకు పూత తొలగించాము. ఉప్పును తడపకుండా పొడి కుంచెతో దులిపించాము. గోడ అడుగున వరుసగా రంధ్రాలు చేయించి సిలేన్ ద్రవాన్ని ఎక్కించాము. అది రంధ్రాల లోపలి గోడలను తామరాకువలె నీరంటనివిగా చేస్తుంది. వాననీరు పునాది వద్ద నిలువకుండా కాలువ తీయించాము. కొన్ని నెలలు ఆరనిచ్చి, గాలి ఆడే సున్నపు పూత వేయించాము.

అందుచేత రంగు డబ్బా కొనడానికి ముందు నీరు వచ్చే దారిని కనుగొనండి. ఇల్లు కొనేవారైతే, బయానా ఇవ్వడానికి ముందే కనుగొనండి.