హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎన్ని గంటలు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయ్‌కి దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా ఈ అంకె మారదు. ప్రయాణానికి మాత్రం పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, తిరిగి వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడుతుంది.

ముందు దూరం సంగతి. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, గుండ్రటి భూమి మీద వాటి మధ్య అతి దగ్గరి దారి ఎంతో లెక్కకట్టవచ్చు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే కనిపించేది ఆ దారే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అలా పట్టుకుంటే దారం సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం దాకా పోతుంది. గోడ మీది పటం చూసి ఊహించలేని దారి అది. దాని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు.

పెద్ద జెట్ విమానం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన హైదరాబాద్ నుంచి 1,260 కిలోమీటర్ల దూరంలోని ఢిల్లీకి గంటన్నరలో చేరాలి. టికెట్ మీద మాత్రం రెండు గంటల పైమాటే ఉంటుంది. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయాన్నే విమాన సంస్థలు లెక్కలోకి తీసుకుంటాయి. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా విమానం నేల మీద పోవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, రద్దీ వేళల్లో వంతు కోసం గాలిలో చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోనే.

పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ అసలు తేడా తెచ్చేది గాలి. విమానాలు పోయే ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో అది హిమాలయాలకు దక్షిణంగా ఉత్తర భారతం మీదుగా సాగుతుంది, వానాకాలంలో ఉత్తరానికి జరుగుతుంది. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 100 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీది లెక్కలో వేగం 750కి పడిపోతుంది, అదే గాలి వెనక నుంచి వస్తే 950కి పెరుగుతుంది. దుబాయ్ దూరానికి ఆ తేడా నలభై నిమిషాలు దాటుతుంది.

అందుకే దగ్గరి దారే ఎప్పుడూ త్వరగా చేర్చాలని లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ దారితో పోలిస్తే దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,000 దాటింది. అయినా వెనకగాలి తోడై, విమానం పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పాత దారిలో పట్టే సమయంలో సుమారు రెండు గంటలు మిగిలాయి.

దేశాల మధ్య తగాదాలు కూడా దారిని పొడిగిస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకు మూసేయడంతో, ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది.

ఇక టికెట్ మీది గడియారం. బయలుదేరే వేళ, చేరే వేళ ఏ ఊరివి ఆ ఊరి సమయంలోనే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో ఎక్కినవారు నాలుగు గంటలు ప్రయాణించినా అక్కడ దిగేసరికి 12.30 అవుతుంది. రాత్రి 10కి అక్కడ ఎక్కి మూడున్నర గంటలు ప్రయాణిస్తే ఇక్కడ తెల్లవారుజామున 3 అవుతుంది. టికెట్ చూసి ప్రయాణ సమయం లెక్కకట్టేవారు ముందుగా రెండు వేళలనూ ఒకే ఊరి సమయంలోకి మార్చుకుని ఆ తర్వాతే తీసివేత చేయాలి.