చెరువును చూచే కన్ను

మన ఇండ్లలో గోడకు క్యాలెండరు బొమ్మ తగిలించుకుంటాము. అందులో కొండ కొండలాగే, కొబ్బరిచెట్టు కొబ్బరిచెట్టులాగే ఉంటుంది. అందుకే ఎవరైనా రంగుల మచ్చలతో నిండిన పటము చూపితే, “ఇదేమి బొమ్మ? మా పిల్లవాడైనా వేస్తాడు” అని నవ్వి ఊరకుంటాము.

ప్రియ పాఠకులారా, ఒకసారి మీ ఊరి చెరువు గట్టున నిలబడి చూడండి. నీటిమీద తామరాకులు. ఆకుల నడుమ ఆకాశము. అది నీటిలోని నీడ మాత్రమే. ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు తలక్రిందులుగా కదులుతుంది. ఆ నీడ అడుగున నాచు. కాస్త గాలి వీచిందా, అన్నీ కలిసిపోయి రంగులే మిగులుతాయి. ఉన్నదున్నట్లు వేయమంటే వీటిలో దేనిని వేయాలి?

ఈ ప్రశ్నతో ఏండ్ల తరబడి కూర్చున్న తెలుగు చిత్రకారుడు సూర్యప్రకాశ్. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో జన్మించారు. హైదరాబాదులో చిత్రలేఖనము అభ్యసించి, 1960ల ఆరంభములో ఢిల్లీలో రాంకుమార్ వద్ద శిక్షణ పొందారు. రాంకుమార్ మొదట మనుష్యుల బొమ్మలు వేసేవారు. 1960లో కాశీ చూచి వచ్చాక ఆయన పటములలో మనుష్యులు కనుమరుగయ్యారు. ఇండ్లు, మెట్లు, నది క్రమముగా రంగు పలకలుగా మారిపోయాయి. ఊరు ఆనవాలు పట్టలేకపోయినా ఆ ఊరి మౌనము మనకు తెలుస్తుంది.

శిష్యుడు అంత దూరము పోలేదు. తుప్పుపట్టిన మోటారు కార్లతో మొదలుపెట్టి, చెట్లు, రాలిన ఆకులు, తామరకొలనులవైపు తిరిగారు. ఆయన కొలను పటము దగ్గరకు వెళితే రంగుల మచ్చలే. నాలుగడుగులు వెనుకకు వేస్తే అవే నీరై, ఆకులై, నీడలై నిలుస్తాయి. చిత్రకారుడు సగము చూపి, మిగతా సగము మన కంటికి అప్పగించాడన్నమాట.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల ఆయనకు తన ఆవరణలోనే చిత్రములు వేసుకొనేందుకు చోటిచ్చింది. చూపుకోసము వచ్చేవారి నడుమ, చూడడమే పనిగా పెట్టుకున్న మనిషి! 2019లో ఆయన కన్నుమూశారు.

మీ బిడ్డ చెరువుకు ఎర్రరంగు వేస్తే “చెరువు ఎర్రగా ఉంటుందా?” అని గద్దించకండి. “ఎప్పుడు చూచావమ్మా?” అని అడగండి. సాయంకాలము ఆ బిడ్డ చేయి పట్టుకొని గట్టుమీదికి వెళ్లండి. ఆ ఎరుపు మీకూ కనబడవచ్చు.