రేకుల దుమ్ముపై ఆన్‌లైన్ పాఠం: ఐదు స్టార్లు దేనికి?

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో సిమెంటు రేకు లేని ఊరు ఉండదు. వంటపాక మీద, పశువుల కొట్టం మీద, హైవే పక్కన మెకానిక్ షెడ్డు మీద అదే కప్పు. తుపాను వచ్చిపోతే రేకుల మేస్త్రికి చేతినిండా పని. పగిలినవి దించాలి, కొత్తవి మిషన్‌తో కోయాలి, హుక్కులకు డ్రిల్లు వేయాలి. అప్పుడు లేచే దుమ్ములో ఆస్బెస్టాస్ అనే ప్రమాదకరమైన నార ఉంటుందని హెచ్చరించే కోర్సులు ఇప్పుడు ఫోన్‌లోనే చూడొచ్చు. చివర్లో ‘కోర్సు ఎలా ఉంది?’ అని స్టార్లు వేయమంటారు. వాటిని ఎంతవరకు నమ్మాలి?

15.9 శాతం

2011 జనాభా లెక్కల్లో దేశంలోని 15.9 శాతం ఇళ్లకు లోహపు రేకో, ఆస్బెస్టాస్ రేకో పైకప్పు. 2001లో ఇది 11.6 శాతమే. తెలుగువారికి చార్మినార్ రేకులు అలవాటు చేసిన కంపెనీ 1946లోనే హైదరాబాద్‌లో మొదలైంది. మామూలు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులో దాదాపు పదో వంతు ఆ నార, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం సిమెంటు. కదపని రేకుతో ముప్పు తక్కువ. కోసినా, తొలిచినా, విరగ్గొట్టినా నార గాల్లో కలుస్తుంది.

5 మైక్రాన్లు

గాలి పరీక్షలో లెక్కపెట్టేది 5 మైక్రాన్లకు మించిన పొడవు, 3 మైక్రాన్లకు లోపు మందం ఉన్న పోగుల్ని. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఈ పోగు కంటికి ఆనదు, ముక్కుకు కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు.

20 నుంచి 40 ఏళ్లు

ఆస్బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్ బయటపడడానికి సాధారణంగా ఇంతకాలం పడుతుంది. పనిచోట ఈ నార పీల్చి ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టే మన సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పులో, ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచమంది. పాతికేళ్ల కుర్రాడు ఈ రోజు కోర్సు పాసైతే, అది అతణ్ణి కాపాడిందో లేదో నలభై ఐదు దాటాక గానీ తేలదు. ఫలితం అంత దూరంలో ఉంటే, మధ్యలో దేన్ని కొలవాలి?

0.02

నచ్చడాన్ని మాత్రం కాదు. శిక్షణ నచ్చిందనడానికీ, నిజంగా నేర్చుకోవడానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధకుడు అల్లిగర్ బృందం 1997లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టింది. పూర్తి సంబంధానికి 1, ఏమీ లేకపోతే 0 అనుకుంటే, వచ్చింది 0.02. ‘ఇది నా పనికి పనికొస్తుంది’ అన్న అభిప్రాయానికి మాత్రం 0.26 వచ్చింది. అదీ ఎక్కువేం కాదు, కానీ అడిగే ప్రశ్న మారితే జవాబుకు విలువ పెరుగుతుందని తెలిసింది.

95 అధ్యయనాలు

కార్మికుల భద్రతా శిక్షణపై 95 అధ్యయనాలను, 20,991 మంది వివరాలను పరిశోధకుడు బర్క్ బృందం 2006లో పరిశీలించింది. ఉపన్యాసాలు, వీడియోలు వెనకబడ్డాయి. చేత్తో చేయించి తప్పులు దిద్దిన శిక్షణే ముందు నిలిచింది. 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించిన బ్రిటన్‌లోనూ అవగాహన కోర్సుతో సరిపెట్టరు; ఆ కోర్సు ఉద్దేశం ఒక్కటే: ఆస్బెస్టాస్ జోలికి పోకుండా చూడడం. దానితో పనిచేయాలంటే వేరే శిక్షణ కావాలి.

ఏమడగాలి?

మన దగ్గర రేకుల అమ్మకంపై నిషేధం లేదు కాబట్టి మేస్త్రి దాని జోలికి పోక తప్పదు. అందుకే కోర్సు అయిన రోజున స్టార్లు అడిగి ఊరుకోకుండా, రెండు మూడు నెలలు పోయాక ఫోన్ చేసి అడగాలి: కోసే ముందు రేకు తడిపారా? మిషన్ బదులు చేతి రంపం వాడారా? తగిన మాస్కు ఎవరిచ్చారు? దుమ్ము బట్టలు ఇంటికి తీసుకెళ్లారా? విరిగిన ముక్కలు ఎక్కడ వేశారు?

‘నీళ్లు లేవు, మాస్కు ఇవ్వలేదు, గబగబా కానిమ్మన్నారు’ అనే జవాబు వస్తే కోర్సు విఫలమైందనుకోవద్దు. దిద్దాల్సింది ఎవరినో అది చెబుతోంది. కోర్సు నడిపేవాళ్లు ఆ జవాబును కాంట్రాక్టరుకూ, ఇంటి యజమానికీ చేర్చాలి. నీళ్లూ మాస్కూ ఇవ్వాల్సింది వాళ్లే.