విగ్రహంతో మాట కలిపితే

రాసేవాళ్లకైనా, బొమ్మలు వేసేవాళ్లకైనా ఏదో ఒక రోజు చేయి ఆడదు. ఎంత కూర్చున్నా ఏమీ తోచదు. అలాంటప్పుడు ఊళ్లోకి వెళ్లి శిల్పాలు, విగ్రహాలు, గోడల మీది బొమ్మలు చూసి రమ్మని పెద్దలు చెబుతారు. మంచి సలహానే. అయితే చూసింది రచనగా ఎలా మారుతుందో కూడా చెబితేనే అది పనికొస్తుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్లు చాలు. కృష్ణ సముద్రంలో కలిసే ఈ సీమలో ముగ్గురు కవులు, మూడు వేర్వేరు శతాబ్దాల్లో, గుడిలోని విగ్రహాల నుంచి కవిత్వం తెచ్చుకున్నారు.

మొదటివాడు శ్రీకృష్ణదేవరాయలు. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. అక్కడి దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. 16వ శతాబ్ది తొలినాళ్లలో కళింగ దండయాత్రకు వెళుతూ రాయలు ఇక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి దేవుడు కలలో కనిపించాడని ‘ఆముక్తమాల్యద’ అవతారికలో తానే చెప్పుకున్నాడు. అంతకుముందు సంస్కృతంలో కావ్యాలు రాసిన రాజుకు, తెలుగులో రాయమని, గోదాదేవితో తన పెళ్లి కథ చెప్పమని దేవుడి ఆజ్ఞ అయింది. గర్భగుడిలో చూసిన మూర్తే రాత్రి ఎదుట నిలిచి పని అప్పగించింది.

రెండోవాడు 17వ శతాబ్ది క్షేత్రయ్య. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వలో వేణుగోపాలుడి గుడి ఉంది. ఆ స్వామినే మువ్వగోపాలుడన్నాడు, ఆ పేరే పదాలకు ముద్ర చేసుకున్నాడు. ఆయన పదాల్లో నాయిక ఆ గోపాలుడితో అలుగుతుంది, నిలదీస్తుంది, బతిమాలుతుంది. రాతి బొమ్మ ప్రియుడైపోయింది.

మూడోవాడు మోపిదేవి దగ్గరి పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు. 18వ శతాబ్ది చివర్లో, చల్లపల్లి జమీందారుల కాలంలో ఉన్నవాడు. రాయలు చూసిన ఆంధ్ర మహావిష్ణువు మీదే ‘ఆంధ్రనాయక శతకం’ చెప్పాడు. అది నిందాస్తుతి, అంటే తిడుతూ పొగడటం. అందులో ఒక పద్యం భావం ఇది: లోకాలు మోసేవాడన్న పేరు నీకు భూదేవి వల్ల వచ్చింది, కోరినవి ఇస్తావన్న పేరు లక్ష్మి తెచ్చింది, పెద్ద సంసారి అన్న పేరు బ్రహ్మ తెచ్చాడు, పాపాలు కడుగుతావన్నది గంగ చలవ, పెళ్లాం బిడ్డల పుణ్యమే తప్ప నీ గొప్పేముంది? ఈ పద్యంలో విగ్రహం అందం గురించి ఒక్క మాట లేదు. ఇంటి పెద్దతో తగువు పడుతున్న మనిషి గొంతే వినిపిస్తుంది. అదే కవి హంసలదీవి గోపాలుడి మీద కూడా శతకం చెప్పాడు.

ముగ్గురి దారీ ఒక్కటే. విగ్రహం ఎలా ఉందో వర్ణించి ఊరుకోలేదు. రాయలు దాని మాట విన్నాడు, క్షేత్రయ్య దానితో సరసమాడాడు, పురుషోత్తముడు దాన్ని దెప్పాడు. వర్ణన కంటికి కనిపించిన చోట ఆగిపోతుంది. సంభాషణ మొదలైతే మనలో ఉన్న కోరిక, కోపం, ప్రశ్న బయటికి వస్తాయి. రచనకు కావలసిన ముడిసరుకు అదే. ఇది మన ఒక్కరి అనుభవం కాదు. జర్మన్ భాషలో రాసిన కవి రిల్కే 1908లో అచ్చయిన పద్యంలో తల లేని అపోలో శిల్పాన్ని చూస్తాడు. చివరికి ఆ శిల్పమే చూసేవాడికి బుద్ధి చెబుతుంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. గుడి గడప అందరినీ లోపలికి రానివ్వలేదు. శతాబ్దాల పాటు దళితులకు ఆ శిల్పం, ఆ మూర్తి చూసే హక్కు లేదు. గుర్రం జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో, గుడిలోకి రానివ్వని మనిషి తన మాటను గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి పంపుతాడు. చూడనివ్వని విగ్రహంతో కూడా మాట్లాడవచ్చని ఆ కావ్యం నిరూపించింది. అందుకే నడివీధిలో, ఎవరైనా వచ్చి నిలబడగల సెంటర్‌లో ఉన్న విగ్రహానికి అంత విలువ. ఊరూరా ఉన్న అంబేద్కర్ విగ్రహం ఆ హక్కుకు గుర్తు.

మరి మనం ఏం చేయాలి? జయంతికో వర్ధంతికో దండ వేసి వచ్చేయకుండా, మామూలు రోజున వెళ్లి కాసేపు నిలబడాలి. చేయి ఎటు చూపుతోంది, దండలో పూలు ఎప్పటివి, కింద ఫలకం మీద ఎవరెవరి పేర్లున్నాయి, ముందు ఇవి చూడాలి. తర్వాత ఒక ప్రశ్న అడగాలి. అవనిగడ్డ ఉన్న దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మృతుల స్మారక స్తూపాలున్నాయి. ఆ రాత్రి వేలమంది పోయారు. స్తూపం ముందు నిలబడి ‘నీ మీద లేని పేర్లెవరివి?’ అని అడిగిన పిల్లవాడికి కథ దానంతటదే దొరుకుతుంది.

తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఇదే. పిల్లల్ని ఒకసారి శ్రీకాకుళం గుడికి, ఘంటసాలలో బౌద్ధ శిల్పాలున్న మ్యూజియానికి, మీ ఊరి సెంటర్‌కు తీసుకెళ్లండి. చూసినదాని మీద వ్యాసం రాయమనకండి. ఎదుట ఉన్న బొమ్మకు ఒక ఉత్తరం రాయమనండి.