కుందేళ్ల పెంపకం... తొలి పది రోజులే కీలకం!

డిగ్రీ అయ్యాక ఊళ్లోనే సొంతంగా ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నారా? తక్కువ జాగా, తక్కువ పెట్టుబడి అనగానే చాలామందికి కుందేళ్లు గుర్తొస్తాయి. చూలు 31 రోజులే, ఈతకు 6 నుంచి 8 పిల్లలు. కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. పిల్లలు దక్కకపోతే మాత్రం ఆ లెక్కంతా తారుమారే.

పుట్టిన పిల్ల సుమారు 50 గ్రాములు ఉంటుంది. ఒంటిమీద వెంట్రుకలుండవు, కళ్లు తెరవడానికి 10-12 రోజులు పడుతుంది. ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేదు. గూట్లో దానికి 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం కావాలి. తల్లికేమో 25 దాటితే ఇబ్బంది. ఈ రెండింటినీ సర్దుకురావడమే అసలు పని.

చలికాలంలో: ఈనడానికి మూడు నాలుగు రోజుల ముందే ఎండుగడ్డి పరిచిన పెట్టె పెట్టాలి. తల్లి తన బొచ్చు పీకి అందులో పరుచుకుంటుంది. రాత్రిపూట గాలి వచ్చే వైపు గోనెసంచులు కట్టండి. చల్లబడిన పిల్లను ముందు చేతులతో వెచ్చబరచి, ఆ తర్వాతే తల్లి దగ్గరికి చేర్చాలి.

వానాకాలంలో: తడే శత్రువు. గడ్డి తడిస్తే వెంటనే మార్చండి.

ఎండాకాలంలో: గూట్లోని బొచ్చు కొంత తీసేయండి. షెడ్డుపై తాటాకులు కప్పండి, గాలి ఆడనివ్వండి. పాలిచ్చే తల్లికి చల్లటి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మార్చిలో జత కట్టిస్తే ఏప్రిల్ ఎండల్లో ఈనుతుందన్న సంగతి మరవొద్దు.

థర్మామీటరు ఒక్కటే చాలదు, పిల్లల్నీ గమనించాలి. ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని కదులుతుంటే చలి. దూరదూరంగా పడుకుని రొప్పుతుంటే వేడి. పొట్ట నిండి, కుప్పగా కదలకుండా నిద్రపోతుంటే అంతా బాగున్నట్టే. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. ఎప్పుడూ గూటికి దూరంగా ఉందని కంగారుపడక్కర్లేదు.

బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో పుట్టిన ప్రతి పిల్లా బతుకుతుందని రాయకండి. ‘మేమే తిరిగి కొంటాం’ అనే హామీలు నమ్మి ఈమూ రైతులు ఎలా నష్టపోయారో తెలిసిందే. కొనేవాళ్లెవరో ముందే వాకబు చేయండి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ గురించి అడగండి. రెండు మూడు ఆడ కుందేళ్లతో మొదలుపెట్టి, ఎన్ని పుట్టాయి, ఎన్ని బతికాయి అనేది ఓ ఏడాది నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు కాలాలూ దాటిన ఆ లెక్క చేతికొచ్చాకే షెడ్డు పెంచండి.